ఖాళీగా ఉన్న పేరు

ఆ రోజుల్లో బొగ్గుబాయిలో దిగాలంటే మనిషికి రెండు ఉండాలి. ఒకటి ఒళ్ళు, రెండోది పేరు. ఒళ్ళు ఎవరిది వాళ్ళదే కావాలి. పేరు మాత్రం ఎవరిదైనా పనికొచ్చేది.

పొద్దటి కూత కూసింది. సైరను వినబడగానే దీపాల గది ముందు మనుషులు వరుసకట్టారు. ఒకడు బీడీ చివరి దమ్ము లాగుతున్నాడు, ఒకడు తలగుడ్డ బిగించుకుంటున్నాడు. గుమాస్తా అంబదాస్ కిటికీ లోపల కూర్చుని హాజరు పిలుస్తున్నాడు. ఆయనది భైంసా. పత్తి అంగట్లో అరిచి అరిచి పెరిగిన గొంతు. ఎంత వెనక ఉన్నా వినబడుతుంది.

"రాయమల్లు, తండ్రి నర్సయ్య."

"హాజర్" అన్నాడు మొగిలి. కిటికీలో చెయ్యి పెట్టి ఇత్తడి బిళ్ళ తీసుకున్నాడు.

ఐదేళ్ళ నుంచీ అంతే. అతని పేరు మొగిలి, తండ్రి పర్శరాములు. బాయి మీద మాత్రం రాయమల్లు. మొదట్లో మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు, పక్కవాడు మోచేత్తో పొడవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పేరు గుమాస్తా నోట్లోంచి సగం బయటికి రాకముందే హాజరంటాడు. ఆ వరుసలో అట్లాంటివాళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

హాజరు అయిపోయాక అంబదాస్ పుస్తకం మూయలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బదిలీ మీద చేస్తున్నోళ్ళు జర ఆగుండ్రి. మీ నౌకరీలు కాయం చేస్తున్నరు. పక్కా కాగితం వస్తది. అయితే వచ్చే శనివారం లోపల ఎవరి ఊరి పట్వారి దగ్గర్నుంచి వాళ్ళు చిట్టీ తేవాలె. పేరు, తండ్రి పేరు, ఊరు. కింద మోహరు ముద్ర. చిట్టీ తేనోని పేరు కొట్టేస్తరు. క్వార్టరు గూడ ఖాళీ చెయ్యాలె."

"అంబదాస్ సేటూ, మాది ఉట్నూరు అడవి. మా పట్వారి నల్లగుంటడో ఎర్రగుంటడో నేనే చూడలే" అన్నాడొకడు.

"ఇప్పుడు చూడు బాబా. మంచి మోకా దొరికింది" అన్నాడు అంబదాస్. అందరూ నవ్వారు. మొగిలి నవ్వలేదు. బిళ్ళను గుప్పిట్లో పెట్టుకుని బాయిలోకి దింపే ఇనుప బోను వైపు నడిచాడు.

ఆ రోజు లోపల పని సాగలేదు. చెమ్మసు పారతో బొగ్గు ఎత్తి టబ్బులో పోస్తుంటే సగం కిందపడింది. టబ్బు నింపినాక దాని మీద తన పేరుకున్న సుద్దగుర్తు పెట్టాలి. గుర్తు పెట్టకుండానే రెండు టబ్బులు పట్టాల మీద తోసేశాడు. జతగాడు తిట్టి, ఉరికి వెళ్ళి తనే గీసి వచ్చాడు.

షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి సర్దార్ హనుమండ్లు హోటలు ముందర బల్ల మీద కూర్చుని సాసరులో చాయ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఊళ్ళ నుంచి మనుషులను తెచ్చి బాయిలో పెట్టేది ఆయనే. లావు మనిషి. నవ్వితే ముందు పొట్ట నవ్వుతుంది, తర్వాత ముఖం నవ్వుతుంది.

మొగిలి ముఖమైనా కడుక్కోకుండా ఆయన ముందు నిలబడ్డాడు.

"సర్దార్, రెండు నెలలాగు, నీ పేరుకు మారుస్త అన్నవు. ఐదేండ్లాయె."

"మరిచిన తమ్మీ. నా కింద ముప్పై మంది ఉండిరి. నీ ఒక్కని పేరు పట్టుకొని కూసుంటనా?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"గా దినం ఏమైందో యాదికున్నదా నీకు? డాక్టరు ఛాతీ కొలిచి పాసు చేసినోడు, బోనుల కాలు పెట్టి, కింద చీకటి చూసి ఉరికిండు. మల్ల కనవడలే. లిస్టుల వాని పేరు మిగిలింది. నువ్వేమో గేటు కాడ దరఖాస్తు పట్టుకొని ముఖం ఏలాడేసుకొని నిలవడ్డవు. గా కాగితం జేబుల పెట్టుకో, గీ పేరు తీస్కో అన్న. తప్పు చేసిన్నా?"

"తప్పనలే."

"మరింకేంది. గా రాయమల్లుది మంథని అవతల ఎర్రగుంటపల్లి. శాలోళ్ళే, మగ్గం నేసే మీవోళ్ళే. పోయి చిట్టీ రాయించుకొని రా."

"వాడు నా నౌకరి నాకియ్యి అంటే?"

హనుమండ్లు సాసరు కింద పెట్టాడు. ఈసారి పొట్టా నవ్వలేదు, ముఖమూ నవ్వలేదు.

"అంటే ఇయ్యాలె తమ్మీ. పేరు వానిదే గద."

ఇంటికి వచ్చి మొగిలి బొగ్గుమసి కడుక్కుంటుంటే పోచవ్వ వీపు రుద్దింది. జరిగింది వింటూ ఆమె ఇంకో చెంబు నీళ్ళు పోసింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆమె మొగుడి పేరు ఎన్నడూ పలకలేదు. ఆడవాళ్ళు పలకరు. బాయి మీద పేరు మారిందని తెలిసినప్పటి నుంచి ఆ రెండో పేరూ పలకడం మానేసింది. నల్లా దగ్గర ఎవరైనా "నీ పెనిమిటి పేరేంది" అని అడిగితే, "క్వార్టరు నంబరు చెప్తా, రాసుకో" అనేది.

"తొవ్వలోకి రొట్టెలు చేస్త. పొద్దుగాల బస్సుకు పో" అంది.

మొగిలి రేకు పెట్టె తెరిచాడు. అడుగున పెళ్ళినాటి తువ్వాల, దాని మడతలో ఒక కాగితం. గేటు దగ్గర పట్టుకుని నిలబడ్డ దరఖాస్తు అదే. తాళ్ళపల్లె బడి పంతులు దశరథం గారు రాసింది. మూడో తరగతి చదువు మొగిలిది. వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాడు.

"బొగ్గుబావి మేనేజరు దొరవారి సముఖమునకు, తాళ్ళపల్లె నివాసి పర్శరాములు కుమారుడు మొగిలి సవినయముగా చేసుకొను మనవి. నేను మూడవ తరగతి చదివినాను. వయస్సు ఇరువదిరెండు. మగ్గము పని తెలియును. ఏ పని చెప్పినను చేయువాడను. నమ్మకముగా ఉండువాడను."

కింద పట్వారి మోహరు ఉంది. తేదీ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఏ రోజు ఇస్తావో ఆ రోజు వేసుకో అని పంతులు అప్పుడు వదిలేశాడు. ఇచ్చే రోజు రాలేదు.

లోకంలో మొగిలి అన్న పేరు రాసి ఉన్న కాగితం అదొక్కటే. సర్దార్ పేరు మార్చిన రోజు పనికొస్తుందని దాచిపెట్టాడు. మళ్ళీ మడతలో పెట్టి పెట్టె మూశాడు.

*

పెద్దపల్లిలో బస్సు మారి, మంథనిలో దిగి, వరి కోతల మధ్య రెండు కోసులు నడిచాడు. బస్సులో వచ్చినంతసేపూ ఏం చెప్పాలో మనసులో కట్టుకున్నాడు. హనుమండ్లు పంపిన మనిషిని అని చెప్పాలి. తన సంగతి ముందు బయటపెట్టకూడదు. రాయమల్లు మంచి చెడ్డ చూసి అప్పుడు మాట్లాడాలి.

ఎర్రగుంటపల్లి శాలవాడలో కాలు పెట్టగానే మగ్గం చప్పుడు వినబడింది. మొగిలి నిలబడిపోయాడు. ఐదేళ్ళుగా అతని చెవుల్లో టబ్బుల మోత, పేలుళ్ళ మోత, కూత. ఈ చప్పుడు వాటి అడుగున ఎక్కడో ఉండిపోయింది. తొక్కుడు చెక్క తాడు వదులైందని వింటూనే తెలిసింది. నేసేవాడి మనసు నేత మీద లేదని కూడా తెలిసింది.

ఆ చప్పుడు వచ్చే ఇల్లే రాయమల్లుదని వాడకట్టువాళ్ళు చూపించారు. అరుగు మీద ఒక ముసలమ్మ కండెలు చుడుతూ ఉంది. రాట్నం ఆపకుండానే తల ఎత్తింది.

"ఎవలు బిడ్డా?"

బస్సులో కట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"మొగిలిని అవ్వా. తాళ్ళపల్లె పర్శరాములు కొడుకును."

అన్నాక అతనికే గొంతు వింతగా వినబడింది.

"శాలోళ్ళేనా?"

"ఔ."

"మరి బయట నిలవడ్డవేంది మొగిలీ, లోపలికి రా. గోళెంల నీళ్ళున్నయి, కాళ్ళు కడుక్కో మొగిలీ. ఎండన వడి వచ్చినవు, జర కూసో మొగిలీ."

ఆమె పేరు ఐలవ్వ, రాయమల్లు తల్లి. మాట మాటకూ ఎదుటివాడి పేరు పెట్టి పిలిచే అలవాటు ఆమెది. కొందరికి అది విసుగు. మొగిలి మాత్రం చెంబు పట్టుకుని అవసరానికంటే ఎక్కువసేపు కాళ్ళు కడుగుతూ నిలబడ్డాడు. తనను కన్న అవ్వ పోయినాక ఇంకో ముసలి గొంతు అతన్ని ఆ పేరుతో పిలవలేదు.

లోపల గుంట మగ్గంలో రాయమల్లు కూర్చుని ఉన్నాడు. తన ఈడువాడే. బక్కపలచన. కుడి చెయ్యి మోచేతి కింద పాత కాలిన మచ్చ. అతను మొగిలి ముఖం చూడలేదు, చేతులు చూశాడు. బాయిలో తగిలిన గాయం మానేటప్పుడు బొగ్గుపొడి లోపలే ఉండిపోయి తోలు కింద నీలంగా గీత పడుతుంది. పచ్చబొట్టు లాగా చచ్చేదాకా పోదు. మొగిలి చేతుల నిండా ఆ గీతలు. పేకపోగుతో అటూ ఇటూ పోయే నాడె రాయమల్లు చేతిలో ఆగింది.

"బొగ్గుబాయి నుంచి వచ్చినవా?"

"ఔ."

అరుగు మీద నుంచి ఐలవ్వ అందుకుంది. "బొగ్గుబాయా? మా వాడు గూడ పోయిండు కొడుకా. ఛాతీ రెండు వేళ్ళు తక్కువున్నదని పంపిచ్చిండ్రు. కంటికి ఇంత ఉన్నోన్ని పట్టుకొని. గా డాక్టరుకు కండ్లు లేవా మొగిలీ?"

రాయమల్లు తల వంచుకుని పడుగు పోగులు సవరిస్తున్నాడు. సవరించడానికి అక్కడ ఏమీ లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మొగిలికి అర్థమైంది. ఐదేళ్ళ కింద బోను దగ్గర ఏం జరిగిందో ఆ ఇంట్లో ఒక్కడికే తెలుసు.

"ఔనవ్వా" అన్నాడు మొగిలి. "గా డాక్టరు మస్తు మందిని గట్లనే పంపిచ్చిండు. మంచి మంచోళ్ళను."

రాయమల్లు తలెత్తి మొదటిసారి అతని ముఖం చూశాడు. అప్పుడే మగ్గంలో పోగు తెగింది. మొగిలి ఊరుకోలేకపోయాడు. వంగి, పక్కనున్న చిప్పలోంచి చిటికెడు బూడిద వేలికి అద్దుకుని, తెగిన రెండు కొసలు కలిపి పురి పెట్టాడు. వేళ్ళు మొద్దుబారి ఉన్నా దారి మరిచిపోలేదు. పోగు నిలిచింది. కానీ తెల్లటి పడుగు మీద గోరంత నల్లమరక పడింది. ఎంత కడిగినా గోళ్ళలోంచి పోని బొగ్గు.

మొగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఐలవ్వ వచ్చి చూసి, "ఉతికితే పోతది. పొగులకు మొగిలీ" అని, పొయ్యి ముట్టించడానికి వెనక వాకిట్లోకి వెళ్ళింది.

ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా రాయమల్లు ఆగాడు.

"నా పేరు మీద ఉన్నది నువ్వేనా?"

"నీకెట్ల ఎరుక?"

"ఉరికొచ్చినంక ఆర్నెల్లకు మల్ల పోయిన. సిగ్గు చంపుకొని గేటు దాక పోయిన. హాజరు పిలుస్తున్నరు. రాయమల్లు, తండ్రి నర్సయ్య అన్నరు. బాయోళ్ళు నా పేరు ఇంక కొట్టెయ్యలే అనుకున్న. హాజర్ అందామని నోరు తెరిచిన. నాకంటె ముందే ఎవలో అన్నరు." అతను నాడెను అటూ ఇటూ తిప్పాడు. "తెరిచిన నోరు తెరిచినట్టే ఇంటికొచ్చిన."

మొగిలి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. "గా అన్నది నేనే" అన్నాడు.

తర్వాత చిట్టీ సంగతి చెప్పాడు. శనివారం గడువు చెప్పాడు. క్వార్టరు సంగతీ పోచవ్వ సంగతీ చెప్పలేదు. అడుక్కున్నట్టు ఉంటుందని ఆగిపోయాడు.

రాయమల్లు ఔననలేదు, కాదనలేదు. "పట్వారి రేపు పొద్దుగాల దొరుకుతడు. ఇయ్యాలటికి తిని పండు" అని నాడె విసిరాడు.

*

పట్వారి చావడిలో బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పహాణీ రాసుకుంటున్నాడు.

"దండం పట్వారీ. నాకొక చిట్టీ కావాలె" అన్నాడు రాయమల్లు. "నేను ఈ ఊరోన్నని, నర్సయ్య కొడుకునని."

"అదేదో కొత్త సంగతి చెప్తున్నట్టు చెప్తున్నవ్. ఎందుకు?"

"నౌకరికి."

"మగ్గం ఇడిచిపెడుతున్నవా?"

"అదే ఇడిచిపెడుతున్నది. సొసైటీల నూలు లేదు. సిరిసిల్లల కరెంటు మగ్గాలు పెట్టిండ్రట. నేను దినమంత నేసేది గంటల నేస్తున్నయట."

పట్వారి ఇంకేమీ అడగలేదు. ఎర్రగుంటపల్లి నివాసి రాయమల్లు, తండ్రి నర్సయ్య, తనకు చిన్ననాటి నుంచి తెలుసని రాసి, మోహరు మీద నోటి ఆవిరి ఊది కొట్టాడు. తలుపు దగ్గర నిలబడి మొగిలి చూస్తున్నాడు. కాగితంలో ఒక్క అబద్ధం లేదు.

రాయమల్లు చిట్టీ నాలుగు మడతలు పెట్టి తన అంగీ జేబులో పెట్టుకున్నాడు.

బస్సు తోవ దాకా ఇద్దరూ నడిచారు. కోసిన పొలాల్లో కొంగలు ఉన్నాయి. మొగిలి చూపు మాటిమాటికీ ఆ జేబు మీదికే పోతోంది. చిట్టీ ఉన్నవాడు, కాలిన మచ్చ ఉన్నవాడు, పేరు ఉన్నవాడు పక్కనే నడుస్తున్నాడు. ఈ మనిషి ఇట్లాగే బస్సెక్కి, కిటికీ ముందు నిలబడి, నేను రాయమల్లును అంటే అయిపోతుంది. ఎవరిదీ తప్పు కాదు. మొగిలి మనసులో అప్పుడే క్వార్టరు ఖాళీ చేసేశాడు. రేకు పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. పోచవ్వ చేతికి పొయ్యి గిన్నెలు ఇచ్చాడు.

తోవ కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర రాయమల్లు ఆగాడు. జేబులోంచి చిట్టీ తీసి మొగిలి చేతిలో పెట్టాడు.

"పైలంగ దాచుకో. చెమటకు మోహరు చెదిరిపోతది."

బస్సు ఇంకా రాలేదు. రాయమల్లు మోరీ గోడ మీద కూర్చుని ఒక రాయి తీసి కిందికి వేశాడు.

"నీ నౌకరి అడుగుతననుకున్నవా?"

"అనుకున్న."

"అడుగుదామనే అనుకున్న. నిన్న నువ్వు మా అవ్వ ముందట గా మాట అనకపోతే అడుగుతుంటి." ఇంకో రాయి వేశాడు. "మీ దగ్గర కొత్తోళ్ళను తీస్కుంటున్నరా?"

"సోమవారం. హనుమండ్లు సర్దార్ ఇరవై మందిని పెడుతుండు."

"నేనొస్త. కానీ నేను రాయమల్లునని రాలేను గద. ఒకటే ఊరు, ఒకటే తండ్రి, ఇద్దరు రాయమల్లులు. మనిద్దరినీ ఎల్లగొడుతరు. నాకొక పేరు కావాలె."

"ఎవలి పేరు?"

"నా పేరు మీద నువ్వున్నవు. నీ పేరు ఖాళీగున్నది గద."

దూరంలో దుమ్ము లేచింది. బస్సు వస్తోంది.

"మరి భయం?" అన్నాడు మొగిలి.

"భయం గట్లనే ఉన్నది. ఐదేండ్లు ఇంట్ల కూసోని భయపడ్డ. ఇగ బాయిల కూసోని భయపడ్త."

మొగిలి ఔననలేదు. బస్సెక్కి వెనక్కి చూస్తే మోరీ మీద మనిషి అట్లాగే కూర్చుని ఉన్నాడు.

*

శనివారం అంబదాస్ చిట్టీలు తీసుకుంటూ పాత డాక్టరు రిజిస్టరుతో సరిచూస్తున్నాడు. మొగిలి వంతు వచ్చింది. చిట్టీ చూసి, "బరోబర్" అన్నాడు. రిజిస్టరులో వేలు పెట్టి చదివాడు. "గుర్తులు. కుడి చెయ్యి, మోచేతి కింద మచ్చ. చూపియ్యి."

మొగిలికి ఈ సంగతి తట్టనేలేదు. అంగీ పైకి మడిచి కిటికీలో పెట్టాడు. మోచేతి కింద నీలి మచ్చలు. ఒకటి రెండు కాదు. పైకప్పు రాలినప్పటిది ఒకటి, టబ్బు నలిపినప్పటిది ఒకటి, ఎప్పటివో తెలియనివి మరో నాలుగు.

అంబదాస్ ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు. ఐదేళ్ళ కింద ఒక పొద్దున రాయమల్లు అని మూడుసార్లు పిలిచినా పలకని మనిషిని ఆయన చూశాడు. గుమాస్తాలు మరిచిపోరు.

"ఇందుల ఏదిరా బాబా?"

"మీకేది కావాల్నో చూసుకొండ్రి సార్. అన్నీ ఈ బాయివే."

అంబదాస్ కలం సిరాలో ముంచాడు. "మచ్చ ఉన్నది" అని పైకే అంటూ రాశాడు. కాయం కాగితం చేతికి ఇచ్చాడు.

ఇంట్లో మొగిలి ఆ కాగితం వేలు పెట్టి చదివి వినిపించాడు, మోరీ మీద రాయమల్లు అడిగింది కూడా చెప్పాడు. పోచవ్వ చీపురు పట్టుకునే విన్నది.

"ఇగ నేను పిలువరాని పేర్లు రెండైనయి, పక్కాగ" అంది. తర్వాత మెల్లగా అడిగింది. "పెట్టెల ఉన్నదాన్నేం చేస్తవు?"

"ఏం చెయ్యాలె?"

"నన్నడుగుతే ఎట్ల? నేను పిలిచిన పేరా, నేను పెట్టిన పేరా. మీ అవ్వ పెట్టింది."

అదే కష్టం. మొగిలి ఎప్పటికైనా తన పేరుకు మారతానన్న ఒక్క ఆశతో ఐదేళ్ళు హాజరన్నాడు. కాయం కాగితం వచ్చినాక మారేది లేదు. పెట్టెలో ఉన్నది ఇక ఎన్నటికీ ఇవ్వని దరఖాస్తు. అయినా అది తనది.

ఆదివారం పగటిపూట రాయమల్లు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. పోచవ్వ జొన్న గట్క పోసింది. అతను తిని, కంచం కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మోరీ మీద అడిగింది చాలన్నట్టు ఉన్నాడు.

మొగిలి లేచి పెట్టె తెరిచాడు. తువ్వాల మడత విప్పి కాగితం తెచ్చాడు. ఇవ్వలేదు, ముందు చదివాడు. మొదటి నుంచి చివరి దాకా. తర్వాత అన్నాడు.

"కాగితం ఉంటే సరిపోదు. ఎవలన్న అడుగుతే చెప్పాలె. ఇను. మా ఊరు మానేరు ఒడ్డున. బాపుది ఎడమ చేతి వాటం. నాడె ఎడమ దిక్కు నుంచి ఇసిరేది. వాడకట్టు పిల్లలందరు చూడ వచ్చేది."

రాయమల్లు విన్నాడు. మొగిలి ఆగకుండా చెప్పుకుపోయాడు. వాళ్ళ ఇంటి ముందర ఉసిరిచెట్టు. దశరథం పంతులు బెత్తం కింద పెట్టి నిద్రపోతే పిల్లలు ఎట్లా జారుకునేది. వాళ్ళ అవ్వ అంబలిలో ఉల్లిగడ్డ చిదిమి వేసేది, పెద్దముక్క మొగిలికి. బాయిలో నోరు విప్పితే దుమ్ము లోపలికి పోతుందని మాటలు మానేసిన మనిషి ఆ పొద్దంతా మాట్లాడాడు. పోచవ్వ గడప మీద కూర్చుని వింది. ఆమెకు కూడా అందులో సగం తెలియదు.

"చిన్నప్పుడు మానేరుకు నీళ్ళొస్తే బాపు నన్ను భుజాల మీద కూసుండపెట్టుకొని దాటించేది. నేను ఏడ్చేది. కండ్లు మూసుకో మొగిలీ అనేది. నీళ్ళ చప్పుడు ఇనకు, నా చప్పుడు ఇను అనేది. నడుమ నడుమ దగ్గేది, ఉన్న అని తెలుసుడు కోసం."

అక్కడ ఆగాడు. దరఖాస్తు మడతపెట్టి రాయమల్లు చేతికిచ్చాడు.

"తేదీ ఎయ్యలే. రేపటి తేదీ ఎయ్యి."

*

సోమవారం డాక్టరు రాయమల్లు ఛాతీ కొలిచాడు. అంబదాస్ దరఖాస్తు చూసి, "ఇరవై రెండా? ముఖానికి ముప్పై ఉన్నయి గద" అన్నాడు.

"మగ్గం గుంటల ముదిరిన సార్."

"బాయిల ఇంక ముదురుతవు" అని రాసుకున్నాడు. పక్కన నిలబడ్డ హనుమండ్లు దరఖాస్తు మీది పేరు చూశాడు, మనిషిని చూశాడు, దూరంగా ఉన్న మొగిలిని చూశాడు. గొంతు సవరించుకుని, చాయ తాగి వస్తానని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దటి కూత కూసింది. కొత్త ఇరవై మంది వెనక వరుసలో నిలబడ్డారు. పాతవాళ్ళ పిలుపు అయింది. మొగిలి రాయమల్లుగా హాజరని బిళ్ళ తీసుకుని పక్కకు వచ్చాడు. అంబదాస్ కొత్త కాగితం తీశాడు.

"మొగిలి, తండ్రి పర్శరాములు."

ఆ పత్తి అంగడి గొంతులో ఆ పేరు ఎన్నడూ వినలేదు. మొగిలి కుడికాలు అర అడుగు ముందుకు పడింది. నోరు తెరుచుకుంది.

"హాజర్" అని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు.

మొగిలి తెరిచిన నోరు మూసుకున్నాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

బోను దగ్గర పదిమంది ఎక్కారు. పదకొండోవాడు గడప దగ్గర ఆగాడు. ముఖం పాలిపోయింది. కింద నుంచి తడిగాలి, చీకటి పైకి కొడుతున్నాయి. బోను మనిషి, "ఎక్కుతవా, పక్కకు జరుగుతవా?" అని కసిరాడు. వెనక ఎవరో నవ్వారు. అతని మడమ వెనక్కి తిరగడం మొగిలి చూశాడు.

లోపలి నుంచి చెయ్యి చాపి ఆ మణికట్టు పట్టుకున్నాడు. లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు. అతను కాలు లోపల పెట్టాడు. ఇనుప తలుపు పడింది. గంట కొట్టింది. కాళ్ళ కింద నేల జారినట్టు బోను దిగింది. వెలుతురు పైన చిన్నదై, నాణెమంతై, పోయింది. పక్కన పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు.

"కండ్లు మూసుకో మొగిలీ" అన్నాడు మొగిలి.

తన పేరును తన నోటితో ఇంకొకరిని పిలవడం అదే మొదలు. గొంతు అచ్చం బాపు గొంతు లాగా వచ్చింది.

"బోను చప్పుడు ఇనకు. నా చప్పుడు ఇను."

బోను దిగుతూనే ఉంది. గోడల నీళ్ళు ముఖాల మీద చిందుతున్నాయి. కాసేపటికి చీకట్లోంచి అడిగాడు అతను.

"ఉన్నవా, రాయమల్లన్నా?"

మొగిలి దగ్గాడు.